పేషెంటు ముందే చెప్పాలి

ప్రియమైన మెకానిక్ గారికి,

చేరాను. బస్సు దిగగానే ఫోన్ చేస్తానని ఎదురు చూసి ఉంటారు. చెయ్యను, మీరూ చెయ్యకండి. మన ఫోన్ మాటలు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. మీరు అరుస్తారు, నేను మీకంటే గట్టిగా అరుస్తాను, చివరికి ఇద్దరిలో ఎవరో ఒకరు టక్కున పెట్టేస్తారు. ఉత్తరంలో అయితే మధ్యలో అడ్డురావడానికి వీల్లేదు. నేను చెప్పదలుచుకున్నది చివరిదాకా చెప్తాను. మీరూ అంతే. కావాలంటే చదివాక చింపెయ్యండి, కానీ చదవండి.

నన్ను ఎక్కించడానికి బస్టాండుకి రాలేదు మీరు. "వెళ్ళేటప్పుడూ రాను, వచ్చేటప్పుడూ రాను" అని కుట్టుమిషన్ కిందనుంచి తల కూడా ఎత్తకుండా అన్నారు. మంచిది. పెట్టె నేనే మోసుకున్నాను. చేతులేం ఊడిపోలేదు.

హాస్టల్లో నాకు మేడమీద చివరి గది ఇచ్చారు. కిటికీ తీస్తే నీళ్ళ ట్యాంకు. మంచం కదిపితే ఊరంతా వినిపిస్తుంది. నా గదిలో ఉండే పిల్ల సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టుకుంటుంది, అందుకని అందరూ ఆమెను కళ్ళజోడు అనే పిలుస్తారు. నన్ను చూడగానే "ఆంటీ, మీ అమ్మాయిని దింపడానికొచ్చారా?" అంది. "అమ్మాయిని నేనే. ఇంకోసారి ఆంటీ అన్నావంటే ఇంజెక్షన్ పొడుస్తా" అన్నాను. ఇప్పుడు మేడమొత్తం నన్ను సిస్టర్ అంటోంది. ఆస్పత్రి వదిలినా ఆ పిలుపు వదల్లేదు.

ఇక అసలు సంగతి. చేరేటప్పుడు వార్డెన్ ఒక కాగితం ముందుకు తోసి, "గార్డియన్ ఎవరు?" అంది.

"నాకు నలభై తొమ్మిదేళ్ళు. వార్డుకి వార్డంతా నాకు అప్పజెప్పి డాక్టర్లు ఇళ్ళకెళ్ళి నిద్రపోయేవాళ్ళు. నాకెందుకమ్మా గార్డియన్?" అన్నాను.

"రూలు. తండ్రి గానీ, భర్త గానీ."

నాన్న పోయి చాలాకాలమైంది కాబట్టి ఆ పదవి మీకు దక్కింది. ఒళ్ళు మండిపోయింది, అయినా రాశాను. రాయకపోతే గది ఇవ్వరు.

చివరగా ఒక్కమాట. "నెల తిరక్కముందే వచ్చేస్తావు" అన్నారు కదా, చూద్దాం. నన్ను రప్పించడానికి జ్వరమనీ నడుం నొప్పనీ వంకలు పెట్టారంటే ఊరుకోను. దొంగ జబ్బులు పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. డిగ్రీ చేతిలో పడేదాకా ఇక్కణ్ణించి కదిలేది లేదు.

మీ మీద కోపం ఇంకా తగ్గని,
హెడ్ నర్సు

*

ప్రియమైన విద్యార్థినికి,

ఉత్తరం అందింది. చింపలేదు.

ముప్పై ఏళ్ళ కాపురంలో మొట్టమొదటిసారి నీమీద నాకు అధికారం వచ్చింది. గార్డియన్! ఆ మాట వినగానే షాపులో కాసేపు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. టైలరు వచ్చి, "ఏంటి సంగతి, వెలిగిపోతున్నారు?" అని అడిగాడు. మా ఆవిడ కాలేజీలో చేరింది, నేను గార్డియన్ని అన్నాను. ఫీజు కట్టేవాణ్ణి గార్డియన్ అనరు, అప్పారావు అంటారన్నాడు. వాడి మిషన్ ఇంకో వారం ఇవ్వదలుచుకోలేదు.

సరే, నవ్వులాటకేం గానీ, నాకింకా అర్థం కావట్లేదు. ఇన్నేళ్ళు నైట్ డ్యూటీలు చేసి చేసి అలిసిపోయావు. స్వచ్ఛందంగా రిటైరయ్యావు, బాగుంది. ఇద్దరం హాయిగా ఉందామనుకున్నాను. నువ్వేమో తత్వశాస్త్రం అన్నావు. నాతో ఇంతకాలం వేగినదానివి, నీకు రాని తత్వం ఏముంది? పిల్లా పీచూ లేని ఇల్లు మనది. నువ్వు వెళ్ళాక గోడలు చూస్తూ తింటున్నాను. కూర మాడుతోంది, ఎందుకు మాడుతోందో తెలియడం లేదు. నీ తత్వశాస్త్రంలో దీనికేమన్నా రాసుంటే చెప్పు.

వంకలు పెట్టి పిలిపిస్తానన్నావు చూడు, అది మాత్రం నాకు తగిలింది. నేనలాంటివాణ్ణి కాదు. నీకు నువ్వుగా వస్తావు, అప్పుడు మాట్లాడుకుందాం. సెలవులు ఎప్పుడో రాయి. బస్టాండుకి మాత్రం రాను, మాటంటే మాటే.

గార్డియన్

*

ప్రియమైన మెకానిక్ గారికి,

కూర మాడేది మంట ఎక్కువై. తత్వశాస్త్రం అక్కర్లేదు, స్టవ్ మీద చిన్న బర్నర్ ఉంటుంది, అది వాడండి.

ఈ నెలంతా నా గర్వం అణిగిపోయింది. మీకు చెప్పకూడదనుకున్నాను గానీ చెప్తున్నాను. క్లాసులో కూర్చుంటే మాస్టారి మాట ఒక్కటీ బుర్రకెక్కదు. పక్కనున్న పిల్లలు చకచకా రాసేస్తుంటారు. నేను మొదటి వాక్యం రాసి తలెత్తేసరికి ఆయన ఇంకెక్కడో ఉంటారు. ఒకరోజు బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. కుళాయి ఎందుకంటే, కళ్ళజోడుకి చెవులు పాము చెవులు.

అలా ఏడ్చి బయటికొస్తే మెట్ల మీద ఇంకో పిల్ల ఏడుస్తోంది. బట్టల షాపులో పనిచేసే పిల్ల, ఉండేది బజారులో, నోట్సు కోసం మా హాస్టల్‌కి వచ్చింది. పొద్దున షాపు, మధ్యాహ్నం కాలేజీ. పొద్దుటి క్లాసులన్నీ పోతాయి. ఎవరి నోట్సు అడిగినా, "రేపిస్తాను" అంటారట. ఇచ్చినా ఆ గిలుకుడు చదవడం ఎవరి తరం? అలాంటివాళ్ళు ఈ మేడమీద కూడా చాలామందే ఉన్నారు. ఒకతె ఫోన్ల కంపెనీలో, ఒకతె లాబ్‌లో, ఒకతె పిల్లల్ని చూసుకునే చోట. అందరూ అన్ని క్లాసులకీ సగం సగం.

అప్పుడు తట్టింది నాకు. వార్డులో మాత్రం మేం రోజంతా ఉండేవాళ్ళమా? పొద్దుటి సిస్టర్ చూసింది మధ్యాహ్నం సిస్టర్‌కి ఎలా తెలిసేది? డ్యూటీ అప్పగింత! మీకు గుర్తుందో లేదో, నేను ఇంటికి లేటుగా వస్తే చెప్పేదాన్ని, అప్పగింత అవలేదని. దానికి నా రూళ్ళు నావి. కూర్చుని చెప్పకూడదు, నిలబడి చెప్పాలి. కాగితం చూడకూడదు. పక్కగదిలో గుసగుసలు కుదరవు, మంచం పక్కన నిలబడి పేషెంటు ముందే, పేషెంటు వింటుండగా చెప్పాలి. ఎందుకంటే ఒళ్ళు అతనిది. ఇక విన్నవాళ్ళు తిరిగి అప్పజెప్పేదాకా చెప్పినవాళ్ళు గుమ్మం దాటకూడదు. ఈ రూలు తప్పిందని నా వార్డులో పనిచేసిన పొట్టి సిస్టర్‌ని నేను ఎన్నిసార్లు ఏడిపించానో పాపం.

సాయంత్రం భోజనాల హాల్లో బల్లలు జరిపి మొదలుపెట్టాం. ఎవరు ఏ క్లాసుకి వెళ్తే వాళ్ళు ఆ క్లాసు అప్పజెప్పాలి. బోర్డు మీద ప్రశ్న రాసి దాని పక్కన నిలబడాలి, అదే పేషెంటు. మొదట కళ్ళజోడు నిలబడింది.  ఏం చెప్పాలో తెలియక అచ్చం నేను నేర్పినట్టే మొదలెట్టింది:

"ఇవాళ్టి పేషెంటు ఒక సందేహం. కళ్ళకి కనిపించేదాన్ని నమ్మొచ్చా అని. పాత జబ్బే. పొద్దున మాస్టారు రెండు సమాధానాలు ఇచ్చి చూశారు. మొదటిది కక్కేసింది. రెండోది కడుపులో ఆగింది గానీ, కలగంటున్నప్పుడు కూడా కళ్ళకి కనిపిస్తుంది కదా అని అడిగితే మళ్ళీ జ్వరమొచ్చింది. రేపటికి చూడాల్సింది, ఆ కల సంగతి."

హాలంతా పగలబడి నవ్వింది. కానీ ఏమండీ, నాకు అర్థమైంది! వారం రోజులుగా నా నెత్తిమీంచి పోతున్న పాఠం మొత్తం అర్థమైంది. షాపు పిల్ల లేచి తిరిగి అప్పజెప్పింది, ఒక్క ముక్క పోకుండా. ఆ పిల్ల మొహం మీరు చూడాలి.

ఇప్పుడు రోజూ జరుగుతోంది. నాకు సోమవారం క్లాసు వంతు. చెప్పేటప్పుడు నాకూ భయమే, వాళ్ళకి తెలియనివ్వను.

మీ,
హెడ్ నర్సు

*

ప్రియమైన విద్యార్థినికి,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకు. అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు. బస్సులో రాస్తున్నాను, కుదుపులు.

షాపుకి రంగులు వేయిస్తున్నాను, అందుకని కొన్నాళ్ళు మూసేశాను. ఇంట్లోనే ఉంటున్నాను. గడ్డం పెంచుతున్నాను. బాగుందంటున్నారు. ఇంట్లో ఉండేవాడికి చొక్కా ఎందుకని బనీను తగిలించుకుని తిరుగుతున్నాను. ఒక కొత్త అలవాటు కూడా అయింది, స్పూనుతో తింటున్నాను. శుభ్రంగా ఉంది, చెయ్యి కడుక్కునే పని తప్పింది. ఇన్నాళ్ళూ తెలియలేదు.

టైలరు భార్య కూర పంపిస్తోంది. మాడటం లేదు.

సెలవులెప్పుడో రాయమన్నాను కదా. రంగుల వాసన, నీకు పడదు. వద్దులే. అక్కడే ఉండి చదువుకో. ఆ సందేహం సంగతి తేల్చు.

నేను బాగున్నాను.

గార్డియన్

*

ప్రియమైన మెకానిక్ గారికి,

గడ్డం బాగుందన్న మహానుభావులెవరో వాళ్ళ కళ్ళు పరీక్ష చేయించాలి. స్పూను వేడినీళ్ళతో కడగండి. వద్దన్నారు కాబట్టి సెలవులకి రాను.

పొట్టి సిస్టర్ ఇంటికొస్తుంది, నా తెల్ల బూట్లు కావాలట. తలుపు తియ్యండి, విసుక్కోకండి.

ఇక్కడ యుద్ధం మొదలైంది. అప్పగింత సంగతి ఊరంతా పాకింది. కింది అంతస్తు పిల్లలు వచ్చారు, పక్క హాస్టల్ పిల్లలు వచ్చారు. ఒకరోజు వెళ్ళేసరికి భోజనాల హాలుకి తాళం. వార్డెన్‌ని అడిగితే, "తినడానికి హాలు, గోల చెయ్యడానికి కాదు" అంది. సరే అని మెట్లమీద పెట్టుకున్నాం. మెట్లు నడవడానికంది. బట్టలారేసుకునే డాబా మీదకి ఎక్కాం. డాబా దేనికో చెప్పడం ఆవిడకి వెంటనే తట్టలేదు. దండేనికి వేలాడే దుప్పటికి కాగితం గుచ్చి దానిమీద ప్రశ్న రాసుకున్నాం.

తర్వాత మా డిపార్ట్‌మెంట్ హెడ్డు పిలిపించాడు. నాకంటే చిన్నవాడే, గదిలో కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు.

"మీరు అనుమతి లేని క్లాసులు నడుపుతున్నారు."

"క్లాసులు మీవేనండీ. మేం అప్పజెప్పుకుంటున్నాం అంతే."

"క్లాసుకి రానివాళ్ళకి పాఠం అందిస్తే, ఇక క్లాసుకి ఎవరొస్తారు? ఎగ్గొట్టేవాళ్ళని మీరు ప్రోత్సహిస్తున్నారు."

"వాళ్ళు సినిమాకి పోవట్లేదు. పనికి పోతున్నారు. పనికి పోకపోతే ఫీజు కట్టలేరు, ఫీజు కట్టకపోతే మీ క్లాసు గుమ్మం కూడా తొక్కనివ్వరు."

"నాకు ఎదురు చెప్పకండి."

"ఎదురు కాదు సార్, సమాధానం."

ఒక కాగితం ముందు పెట్టాడు. ఇకమీదట ఇలాంటి సమావేశాలు పెట్టనని, ఇప్పటిదాకా పెట్టినందుకు క్షమించమని హామీ. కింద నా సంతకం, దాని కింద గార్డియన్ సంతకం. పెట్టకపోతే హాస్టల్ గది తీసేస్తారు, పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వరు. హాల్ టికెట్ లేకపోతే ఈ ఏడాది మొత్తం గంగపాలు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టర్లు గుడ్లురిమినా తల దించనిదాన్ని, ఇక్కడ దించుతానా? "తప్పు చేస్తే క్షమించమంటాను. చెయ్యలేదు" అని కాగితం అక్కడే వదిలేసి వచ్చాను. 

ఏమండీ, నాకు ఈ పరీక్ష కావాలి. ఇంత కావాలని నాకే తెలియదు. కానీ ఆ సంతకంతో వచ్చే పరీక్ష వద్దు. మీకేమన్నా చెప్పాలనుంటే ఇప్పుడే చెప్పండి. ఈసారి అరవను.

మీ,
హెడ్ నర్సు

*

ప్రియమైన విద్యార్థినికి,

మీ పొట్టి సిస్టర్‌కి పనీపాటా ఏమన్నా ఉందా? బూట్లకోసమని రోజూ వస్తోంది. అవి ఇంకా దొరకలేదట. మంచం కింద వెతుకుతుంది, వంటింట్లో వెతుకుతుంది, వెతికేటప్పుడే అన్నం వండేస్తుంది, గుడ్డలు ఉతికేస్తుంది. దొరక్కపోతేనే మంచిదిలే అనిపిస్తోంది నాకు.

మొన్న మీ వార్డెన్ ఫోన్ చేసింది. "మీరేనా గార్డియన్?" అంది. అవునన్నాను. నీమీద ఇంత పొడుగు ఫిర్యాదు చదివింది. పిల్లల్ని చెడగొడుతున్నావట. నాకు నవ్వాగలేదు. "మీ భార్యకి మీరైనా నచ్చజెప్పండి" అంది. "అమ్మా, ఆ పని నేను ముప్పై ఏళ్ళనుంచి చేస్తున్నాను, ఒక్కసారీ ఫలించలేదు" అన్నాను. అయితే మీరొచ్చి ఆవిణ్ణి తీసుకెళ్ళండి, లేదా ఆవిడ తరఫున మీరు హామీ మీద సంతకం పెట్టండి, గార్డియన్ సంతకం ఉంటే మేం సర్దుకుంటాం అంది.

చూశావా? నువ్వు పెట్టకపోయినా నేను పెడితే చాలట. నీ పరీక్ష నా వేళ్ళ చివర ఉందన్నమాట. ఆ మాట విన్నాక నాకు గార్డియన్ పదవి మీద అసహ్యం పుట్టింది. మొదట్లో కాలు మీద కాలేసుకున్నందుకు ఆ కాలు విరగ్గొట్టుకోవాలనిపించింది.

పెట్టనన్నాను. ఎందుకు పెట్టరని నిలదీసింది. అప్పటికి నోటికి వచ్చిన సాకు ఒకటి చెప్పాను. నమ్మలేదు, ఫోన్ పెట్టేసింది.

చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. ఇల్లు బాగోలేదు నువ్వు లేకుండా. కానీ ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టావంటే ఇంటికి రాకు. తలొంచుకుని వచ్చే మనిషిని నేను పెళ్ళి చేసుకోలేదు. ఆవిడెవరో నాకు తెలియదు, తలుపు తియ్యను.

గార్డియన్ పదవికి రాజీనామా చేసిన,
నీ మొగుడు

*

ప్రియమైన మా ఆయనకి,

పరీక్షలు అయిపోయాయి. రాశాను! అన్నీ రాశాను. ఎలా జరిగిందో చెప్తాను, తర్వాత మీ సంగతి చెప్తాను. మీ సంగతి పెద్దది.

గది తీసేశారు. నిజంగానే తీసేశారు. నా పెట్టె వరండాలో పెట్టించింది వార్డెన్. షాపు పిల్ల వచ్చి, "సిస్టర్, మా గదికి పదండి" అంది. బజారులో మేడమీద చిన్న గది, ఇద్దరికి ఒకే చాప, తిరగాలంటే చెప్పి తిరగాలి. కళ్ళజోడు ఆ సాయంత్రం డాబా మీద నిలబడి అప్పజెప్పిందట: "ఇవాళ్టి పేషెంటు మన సిస్టర్. గది పోయింది, హాల్ టికెట్ రాదు. మందేంటో చెప్పండి." ఆ మందు వాళ్ళే కనిపెట్టారు. నాకు చెప్పలేదు కూడా.

మర్నాడు హాల్ టికెట్లు ఇచ్చే రోజు. కిటికీ తెరిచి గుమాస్తా పేరు పిలిచాడు. ఎవరూ వెళ్ళలేదు. ఇంకో పేరు పిలిచాడు. మా మేడంతా ఆఫీసు మెట్లమీద కూర్చుని ఉంది. "సిస్టర్‌ది ఇస్తేనే మావి తీసుకుంటాం" అంది షాపు పిల్ల. ఆ రోజు షాపుకి కూడా పోలేదు, పని పోతే పోయిందంది. ఆఫీసర్ బయటికొచ్చి అరిచాడు. అయినా కదల్లేదు. ఊరికే కూర్చుంటే ఎలా అని పాఠాలు అప్పజెప్పుకోవడం మొదలెట్టారు, ఆ కిటికీ ముందే, గొంతెత్తి. ఆఖర్న నా వంతు అన్నారు. నేను లేచి కిటికీ వైపు తిరిగాను. నా నోరు మీకు తెలుసు కదా.

"పేషెంటు పరీక్షల ఆఫీసు. జబ్బు చెవుడు. పుట్టుకతో వచ్చింది కాదు, కుర్చీలో కూర్చున్నాక వచ్చింది. కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి, రూళ్ళు చదువుతోంది. మనుషుల మాటే వినపడటం లేదు. మందు మొదలెట్టాం, గుణం కనపడేదాకా మానెయ్యం."

పిల్లలందరూ ఒక్క గొంతుతో తిరిగి అప్పజెప్పారు. గుమాస్తా నవ్వు ఆపుకోలేక కిటికీ మూసేశాడు. పరీక్ష హాల్లో ఖాళీ బల్లలు పెట్టుకుని వాళ్ళేం చేస్తారు? ఇంకో రోజు చూశారు. తర్వాత హాల్ టికెట్ ఇచ్చారు. హామీ లేదు, క్షమాపణ లేదు. గది మాత్రం తిరిగివ్వలేదు. హెడ్డు ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడు. తిప్పుకోనివ్వండి, మెడ ఆయనది.

ఇక మీ సంగతి.

వార్డెన్ నాతో ఏమందో తెలుసా? "మీ ఆయన కూడా మీలాంటివాడే. సంతకం పెట్టమంటే చెయ్యి విరిగిందంటాడు, చిన్నపిల్లాడిలా!" అంది. అది సాకు కాదని నాకు తెలుసండీ. మీ స్పూను ఉత్తరం వచ్చిన రోజే తెలుసు. ముద్ద కలుపుకోకపోతే తిన్నట్టుండదనే మనిషి స్పూను పట్టుకుంటాడా? గడ్డం గీసుకోలేక గడ్డం, గుండీలు పెట్టుకోలేక బనీను, ఎడంచేత్తో రాసి బస్సు కుదుపులని వంక. నన్ను రావద్దన్నారు చూడండి, అక్కడ పూర్తిగా దొరికిపోయారు. దొంగ జబ్బులు పట్టేస్తానని గొప్పలు పోయాను, మీరేమో నిజం జబ్బు దాచారు.

ఆ రోజే పెట్టె సర్దుకుని బస్టాండుకి వెళ్ళాను. బస్సు వచ్చింది. కండక్టర్ ఎక్కమన్నాడు. నేను ఎక్కితే మళ్ళీ తిరిగి రానని నాకు తెలుసు. చెయ్యి బాగయ్యాక ఇంకేదో ఉంటుంది, నాకే బయల్దేరబుద్ధి కాదు. మీరు ఆపరు, నేనే ఆగిపోతాను. బస్సు వెళ్ళిపోయింది. బెంచీ మీద కూర్చుని ఏడ్చాను, ఈసారి కుళాయి కూడా లేదు. కట్టుకున్నవాడి చెయ్యి విరిగితే వెళ్ళని ఆడది ఎలాంటిదని నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత అక్కణ్ణించే పొట్టి సిస్టర్‌కి ఫోన్ చేసి డ్యూటీ అప్పజెప్పాను. మీకు తెలియనివ్వొద్దని మరీ మరీ చెప్పాను. బూట్ల కథ నాదే. ఆ బూట్లు నా కాళ్ళకే ఉన్నాయి.

రానందుకు తిట్టండి, పడతాను. కానీ తప్పయిందని మాత్రం అననండీ. వాళ్ళ దగ్గరా అనలేదు, మీ దగ్గరా అనను.

వచ్చే ఏడాదికి హాస్టల్ కాగితాలు ఇచ్చారు. మళ్ళీ అదే ప్రశ్న, గార్డియన్ ఎవరని. మీరు రాజీనామా చేశారు కాబట్టి అక్కడ నా సంతకమే పెట్టాను. విద్యార్థినితో సంబంధం ఏమిటన్నచోట, "నేనే" అని రాశాను. తీసుకుంటారో లేదో, తీసుకోకపోతే మెట్లెక్కడున్నాయో మాకు తెలుసు.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. మీరు బస్టాండుకి రానన్నారుగా, రాకండి. సంచి పట్టుకునే చెయ్యి ఎలాగూ లేదు.

మీ,
విద్యార్థిని

*

ప్రియమైన మా ఆవిడకి,

కుడిచేత్తో రాస్తున్నాను. మణికట్టు ఇంకా పట్టేస్తోంది, అందుకని పొట్టిగా ముగిస్తాను. ఫ్యాక్టరీవాళ్ళ మిషన్, ఆ ఇనప స్టాండు, ఒక్కణ్ణే ఎత్తబోయి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఎవరినైనా పిలవచ్చుగా అంటావు. అను.

నీకొక సంగతి చెప్పాలి. పొట్టి సిస్టర్ నాకు బూట్ల కథ చెప్పనేలేదు, నీ ఉత్తరంలో చదివి నేనూ వంతపాడాను.

మొదటిరోజు తలుపు తీశాను. నమస్కారం కూడా పెట్టలేదు. నన్ను తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టి, పక్కన నిటారుగా నిలబడి మొదలెట్టింది: "పేషెంటు మగ. కుడి మణికట్టుకి కట్టు. భార్యకి చెప్పకుండా దాస్తున్నాడు. భార్యకి తెలిసిపోయింది. అక్కడ బస్టాండుదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఆవిడ రావట్లేదు. జాగ్రత్తగా చూడాల్సింది, ఇతని మొండితనం."

"ఇదంతా నాకు చెప్తావేంటమ్మా? నాకు చెప్పమందా మా ఆవిడ?" అన్నాను.

"వద్దందండీ. కానీ పేషెంటు ముందే చెప్పాలని నేర్పింది కూడా అక్కే. ఆ రూలు తప్పితే చంపేస్తుంది" అంది. అంతటితో ఆగిందా? నేను తిరిగి అప్పజెప్పేదాకా గుమ్మం దాటనని భీష్మించుకుంది. చెప్పక తప్పలేదు. "మా ఆవిడకి తెలుసు. బస్టాండుదాకా వెళ్ళింది. ఆవిడ రావట్లేదు" అని నా నోటితో నేనే పైకి అన్నాను. 

కోపం వచ్చింది, రాలేదనను. ఆ పూట అన్నం ముట్టలేదు. పడుకుని ఆలోచిస్తే, నువ్వు వచ్చేసి ఉంటే నేను గెలిచినట్టే కదా అనిపించింది. నెల తిరక్కముందే వస్తావన్నాను, వచ్చావు అనేవాణ్ణి. పైకి అనకపోయినా రోజూ మనసులో అనుకునేవాణ్ణి. నువ్వు వండింది తింటూ అనుకునేవాణ్ణి. ఆ గెలుపు నాకొద్దనిపించింది. నువ్వు ఎక్కకుండా వదిలేసిన ఆ బస్సు గుర్తుకొచ్చే వార్డెన్‌తో అలా మాట్లాడగలిగాను. నువ్వే అంత మొండికేస్తే, విరిగిన చేత్తో నేను సంతకం పెడతానా?

ఆ మెట్లమీద పిల్లలందరికీ చెప్పు, చాప చాలకపోతే మన ఇంట్లో మంచాలున్నాయని. షాపు పిల్లకి పని పోయి ఉంటే రాయి. నా చేతికి ఇంకొన్నాళ్ళు సాయం కావాలి, సెలవుల్లో ఇక్కడికొస్తే జీతం ఇస్తాను, అక్కడా మిషన్ల షాపులున్నాయి కదా, పని నేర్చుకుంటే ఎక్కడైనా బతకొచ్చు.

బస్టాండుకి రానని నేను పట్టిన పంతం ఉంది చూడు, దాన్ని ఇవాళ పొద్దున పొట్టి సిస్టర్‌కి అప్పజెప్పాను. నిలబడే చెప్పాను, కాగితం చూడకుండా. ఆవిడ తిరిగి అప్పజెప్పింది కూడా. ఇకనించి ఆ పంతం డ్యూటీ ఆవిడది. నేను శనివారం బస్టాండులో ఉంటాను. సంచి ఎడంచేత్తో పట్టుకుంటాను.

నీ మొగుడు